బైపాస్‌కి ఏ నాళం?



బైపాస్ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని పలకరించడానికి వచ్చే బంధువుల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని వేశారు?" మూడంటే తలాడిస్తారు. నాలుగంటే నిట్టూరుస్తారు. అయిదంటే కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. ఆ అంకె రోగికీ కంఠతా వచ్చేసి ఉంటుంది. వేసిన నాళాలు ఒంట్లో ఎక్కణ్నుంచి తీశారని అడిగితే మాత్రం చాలామంది కాలి మీది కుట్లు చూపించి ఊరుకుంటారు. ఛాతీ లోపలి నుంచి కూడా ఒకటి తీసుకున్నారన్న సంగతి కొందరికి తెలియదు, దానికంటూ విడిగా ఓ కోత కనబడదు కాబట్టి. పదేళ్ల తర్వాత ఆ గుండె ఎలా ఉంటుందన్నది గ్రాఫ్టుల, అంటే అలా తెచ్చి అతికించిన నాళాల, లెక్క కంటే వాటి పుట్టుచోటు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఆపరేషనయ్యాక మొదటి మూడు నెలలు నొప్పి ఎక్కడ, తిమ్మిరి ఎక్కడ, ఏ కాలు వాస్తుంది అన్నవి కూడా చాలావరకు అక్కడే తేలిపోతాయి.

గుండె కండరానికి రక్తం అందించే కరొనరీ ధమనులు గుండె పైపొరను అంటిపెట్టుకుని పాకుతాయి. సర్జన్ కుట్టు వేసే చోట వాటి లోపలి వెడల్పు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. వాడే దారం తలవెంట్రుక కంటే సన్నం. పూడిక దాటిన చోట ఇంకో నాళాన్ని తెచ్చి అతికిస్తే రక్తం పూడికతో పని లేకుండా ముందుకు సాగుతుంది. గుండె కవాటాలు కృత్రిమమైనవి దొరుకుతున్నాయి, మోకీళ్లూ దొరుకుతున్నాయి. ఇంత సన్నటి కృత్రిమ గొట్టాల్లో మాత్రం రక్తం త్వరగా గడ్డకట్టి మూసుకుపోతుంది. అందుకే రోగి ఒంట్లోంచే నాళం వెతుక్కోవాలి. ప్రధానంగా మూడు చోట్లున్నాయి: ఛాతీ, కాలు, ముంజేయి. పొట్టను అంటుకుని ఉండే ధమనిని కూడా వాడే సర్జన్లున్నారు, జపానులో మరీను. మన దగ్గర అది అరుదు.

ముందు ఛాతీ సంగతి. రొమ్మెముక వెనక, దాని అంచుకు ఓ సెంటీమీటరు ఎడంగా, కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి, రెండు ధమనులు పైనుంచి కిందికి దిగుతాయి. ఎడమదాన్ని ఆపరేషన్ థియేటర్లో అందరూ లిమా అంటారు. దీని గొప్పతనం విచిత్రమైంది. మిగతా ధమనుల్లో కొవ్వు పేరుకుపోయిన మనిషిలో సైతం ఇది చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. దీని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను బాగా తయారు చేసుకుంటుంది. ఆ పదార్థం నాళాన్ని బిగుసుకోనివ్వదు, రక్తాన్ని గోడలకు అంటుకోనివ్వదు. పైగా దీని పై మొదలును తెంపనక్కర్లేదు. కింది కొసను మాత్రం విడదీసి, గుండె ముందు భాగాన దిగే పెద్ద ధమనికి, అంటే డాక్టర్లు ఎల్ఏడీ అని పిలిచేదానికి, కుడతారు. ఈ ఒక్క కుట్టే మొత్తం ఆపరేషన్లో అతి విలువైనది.

దీని విలువ లోకం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. కెనడాలోని మాంట్రియల్‌లో ఆర్థర్ వైన్‌బర్గ్ 1950లోనే ఈ ధమనిని తెచ్చి ఓ రోగి గుండె కండరంలో సొరంగం చేసి దూర్చాడు. కరొనరీ ధమనికి కుట్టలేదు, కండరంలోనే దానంతటది కొత్త దారులు వేసుకుంటుందని ఆయన నమ్మకం. 1964 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడ్‌లో వసీలీ కొలెసొవ్ ఇంకో అడుగు ముందుకేసి, కొట్టుకుంటున్న గుండె మీదే ఈ ధమనిని కరొనరీకి నేరుగా కుట్టాడు. హార్ట్-లంగ్ మెషిన్ లేదు, యాంజియోగ్రామ్ కూడా లేదు. ఆ పనిని ఆయన దేశంలోని హృద్రోగ నిపుణులే పెద్దగా లెక్కచేయలేదు. 1968లో న్యూయార్క్‌లో జార్జ్ గ్రీన్ మైక్రోస్కోపు పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టాడు. మిగతా సర్జన్లలో చాలామందికి అది చాదస్తంగా తోచింది. కాలి సిర లావుగా, చేతికి అనువుగా, గంటలోపే దొరుకుతుంటే మైక్రోస్కోపుతో అవస్థ ఎందుకన్నది వాళ్ల లెక్క.

ఆ లెక్కను తిరగరాసింది 1986లో వచ్చిన ఒక పరిశీలన. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఫ్లాయిడ్ లూప్ బృందం దాదాపు 6,000 మంది రోగులను పదేళ్ల పాటు గమనించింది. కాలి సిరలు మాత్రమే వేయించుకున్నవాళ్లకు మరణం ముప్పు, లిమా కూడా వేయించుకున్నవాళ్ల కంటే 1.61 రెట్లుగా తేలింది. లిమా పదేళ్ల తర్వాత కూడా 90 శాతం పైగా తెరిచే ఉంటుంది. అప్పట్నుంచి ఎల్ఏడీకి లిమా వేయకపోతే ఎందుకు వేయలేదని తోటి సర్జన్లు అడిగే పరిస్థితి వచ్చింది.

ఇక్కడో చిన్న సంగతి. లిమా పుట్టేది ఎడమ చేతికి వెళ్లే పెద్ద ధమనిలోంచి. ఆ పెద్ద ధమనిలోనే పూడిక ఉంటే లిమాలోకి రక్తం ఎక్కణ్నుంచి వస్తుంది? కాబట్టి ఆపరేషన్‌కి ముందు రెండు చేతులకూ బీపీ చూడాలి. ఎడమ చేతిలో 15, 20 పాయింట్లు తక్కువ వస్తే అనుమానించాలి. ఖర్చు లేని పరీక్ష. ఒక్క చేతికి చూసి రాసుకుని వెళ్లిపోతుంటే రెండో చెయ్యి కూడా చూడమని అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇక కాలి సిర. దాని కథలో ఓ పల్లెటూరి డాక్టరున్నాడు. అర్జెంటీనాలోని లా ప్లాతాలో పుట్టిన రెనె ఫవలోరో, హసింతో అరావుస్ అనే మారుమూల ఊళ్లో పన్నెండేళ్లు పురుళ్లు పోస్తూ, ఎముకలు కడుతూ, చేతికొచ్చిన ప్రతి రోగాన్నీ చూశాడు. 1962లో క్లీవ్‌లాండ్ వెళ్లాడు. అక్కడ మేసన్ సోన్స్ అనే వైద్యుడు 1958లో, రంగుమందు పొరపాటున కరొనరీ ధమనిలోకి వెళ్లడం చూసి, యాంజియోగ్రామ్‌కి దారి తీశాడు. ఫవలోరో ఆ ఫిల్ములు తిరగేస్తూ కూర్చునేవాడు. అదే ఆసుపత్రిలో మూత్రపిండాల ధమనులను బాగుచేయడానికి కాలి సిరను వాడుతున్నారు. గుండెకెందుకు వాడకూడదని 1967 మేలో 51 ఏళ్ల మహిళకు వేశాడు. ఆ తర్వాత ఈ ఆపరేషన్ ప్రపంచమంతా పాకింది. మన దేశానికి 1975లో వచ్చింది. మద్రాసులోని పెరంబూర్ రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ మొదటి బైపాస్ చేశారు.

కాలి లోపలి చీలమండ దగ్గర మొదలై గజ్జ దాకా సాగే ఆ సిర ఒంట్లోకెల్లా పొడవైన సిర. దాన్ని తీసేసినా లోతుగా ఉన్న సిరలు కాలి రక్తాన్ని మోసుకెళ్తాయి, కాలికి శాశ్వత నష్టం ఉండదు. సిరలో ఒకే దిశలో తెరుచుకునే కవాటాలుంటాయి గనుక దాన్ని తలకిందులుగా తిప్పి కుట్టాలి. ఒక కాల్లో తీసిందే మూడు నాలుగు గ్రాఫ్టులకు సరిపోతుంది. ఎటొచ్చీ, ధమనిలో ఉండే ఒత్తిడికి సిర పుట్టలేదు. పంటబోదెలోకి ప్రధాన కాలవ నీరు వదిలినట్టే ఇది. గోడలు ఆ తాకిడికి తట్టుకోవడానికి మందం పెంచుకుంటాయి, ఆ మందం మీద కొవ్వు చేరుతుంది. పదేళ్లు తిరిగేసరికి సిర గ్రాఫ్టుల్లో సుమారు సగం మూసుకుపోవడమో, దెబ్బతినడమో జరుగుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్‌కి 2004 సెప్టెంబరులో నాలుగు గ్రాఫ్టులు వేశారు. 2010 ఫిబ్రవరికి వాటిలో ఒకటి మూసుకుపోయి రెండు స్టెంట్లు వేయాల్సి వచ్చింది. మన్మోహన్ సింగ్‌కి 1990లో ఇంగ్లండులో మొదటి బైపాస్ జరిగింది. 2009 జనవరి 24న ఢిల్లీ ఎయిమ్స్‌లో, రమాకాంత పాండా నాయకత్వంలో రెండోది. అప్పుడాయన వయసు 76. అయిదు గ్రాఫ్టులు పడ్డాయి. నాలుగు నెలల్లో మళ్లీ ప్రధానిగా ప్రమాణం చేశారు, 92 ఏళ్లు బతికారు. రెండోసారి ఛాతీ తెరవడం మొదటిసారికంటే చాలా కష్టం. లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది, వాడుకోగల నాళాలు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి.

సిరను తీసే పద్ధతి కూడా దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. స్వీడన్‌లోని ఒరెబ్రో పట్టణంలో డొమింగోస్ సౌజా అనే సర్జన్, సిరను చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, లాగకుండా, నీటి ఒత్తిడితో ఉబ్బించకుండా తీయడం మొదలుపెట్టాడు. అలా తీసినవి ఎక్కువ కాలం తెరిచి ఉంటున్నాయి. గుండెకు మంచిదే, కాలికి మాత్రం కష్టం. కోత పెద్దదవుతుంది, మానడానికి ఆలస్యమవుతుంది. దీనికి ఎదురుగా ఎండోస్కోపు పద్ధతి ఉంది. మోకాలి దగ్గర చిన్న గాటు పెట్టి, కెమెరా దూర్చి, సిరను లోపల్నుంచే లాగేస్తారు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1,150 మంది మీద జరిపిన అధ్యయనం 2019లో వచ్చింది. చెయ్యి తిరిగినవాళ్లు తీస్తే గుండె ఫలితాల్లో పెద్ద తేడా రాలేదు. కాలి పుండుకు చీము పట్టడం మాత్రం 3.1 శాతం నుంచి 1.4కు తగ్గింది. షుగరున్న, లావుగా ఉన్న, కాలి రక్తప్రసరణ అంతంతమాత్రంగా ఉన్న మనిషికి ఈ తేడా చిన్నది కాదు. ఆ పరికరం ఒకసారి వాడి పారేసేది, ధర ఎక్కువ. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల బైపాస్ పేదవాళ్లకూ అందింది. పథకమైనా, ప్రైవేటు బీమా అయినా, ప్యాకేజీలో ఏ పద్ధతి ఉందో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మూడోది ముంజేతి ధమని. నాడి చూసేటప్పుడు వేళ్ల కింద కొట్టుకునేదే. 1970ల మొదట్లో పారిస్‌లో అలాన్ కార్పాంటియే దీన్ని వాడి చూశాడు. తాకితేనే బిగుసుకుపోయే స్వభావం దీనిది. చాలా గ్రాఫ్టులు మూసుకుపోవడంతో ఆయనే మానేయమన్నాడు. దశాబ్దంన్నర పైన గడిచాక, అప్పట్లో వేయించుకున్న ఒక రోగికి యాంజియోగ్రామ్ చేస్తే ఆ ధమని నిక్షేపంగా పనిచేస్తూ కనబడింది. 1992లో మళ్లీ రంగంలోకి తెచ్చారు. ఈసారి మెల్లగా, చుట్టూ ఉన్న కణజాలంతో తీశారు, బిగుసుకోకుండా మందులిచ్చారు. 2018లో ఆరు అధ్యయనాలను, 1,036 మంది రోగులను కలిపి చూస్తే అయిదేళ్లలో కాలి సిర కంటే ఇదే మెరుగని తేలింది. కాకపోతే పూడిక బాగా ఎక్కువగా ఉన్న ధమనికే దీన్ని కుట్టాలి. పాత దారిలో రక్తం ఇంకా ధారాళంగా పారుతుంటే, పనిలేని ఈ ధమని ముడుచుకుపోతుంది.

అందరి చేతిలోంచీ తీయడానికి వీల్లేదు. పిడికిలి బిగించి, మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కి, ఒకటి వదిలి అరచెయ్యి ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసే అలెన్ పరీక్ష 1929 నాటిది, ఇప్పటికీ చేస్తారు. స్కాన్ కూడా తోడవుతుంది. కిడ్నీలు దెబ్బతిని రేపో మాపో డయాలసిస్ అవసరపడేవాళ్ల చేతిని ముట్టుకోకూడదు, డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఫిస్టులాకి ఆ ధమని కావాలి. యాంజియోగ్రామ్ ఏ మణికట్టు నుంచి చేశారో ఆ ధమని గ్రాఫ్టుకి నమ్మదగ్గది కాదు. మామూలుగా కుడిచేతి నుంచి చేస్తారు గనుక ఎడమది మిగులుతుంది. మృదంగ విద్వాంసుడో, దర్జీయో, కంసాలియో అయితే ఆ ముక్క సర్జన్‌కి ముందే చెప్పాలి. వృత్తి అడగడం డాక్టర్లు మర్చిపోతుంటారు. ఆపరేషన్ ఖాయమైన మనిషి ఎడమ ముంజేతికి, చీలమండ దగ్గరి సిరకు సెలైన్ సూదులు గుచ్చనివ్వకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్ల పని.

ధమనులే మేలైతే రెండు ఛాతీ ధమనులూ వాడొచ్చు కదా? సర్జన్లు ఇప్పటికీ తేల్చుకోని వాదమిది. 7 దేశాల్లో 3,102 మందిని రెండు జట్లుగా చేసి పదేళ్లు గమనించిన పెద్ద ప్రయోగం ఫలితం 2019లో వచ్చింది. రెండూ వాడిన జట్టులో 20.3 శాతం, ఒకటే వాడిన జట్టులో 21.2 శాతం మరణించారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. అయితే రెండు కేటాయించినవాళ్లలో కొందరికి ఒకటే పడింది, ఒకటి కేటాయించినవాళ్లలో చాలామందికి ముంజేతి ధమని అదనంగా వేశారు. అందుకే ఇరుపక్షాలూ ఆ ఫలితాన్ని తమకు అనుకూలంగా చదువుకుంటున్నాయి. ఒక్క విషయంలో తగాదా లేదు. రొమ్మెముకకు రక్తం అందించేవి ప్రధానంగా ఆ రెండు ధమనులే. రెండూ తీసేస్తే ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది, ఆ ప్రయోగంలో పుండు సమస్యలు 1.9 శాతం నుంచి 3.5కు పెరిగాయి. షుగరు అదుపులో లేని, స్థూలకాయం ఉన్న, పొగతాగే మనిషికి రెండూ తీయడమంటే సాహసమే. ఇలాంటివాళ్లు తెలుగునాట బైపాస్ వార్డుల్లో తక్కువేమీ కాదు. యాభై ఏళ్ల మనిషికి ఒక లెక్క, ఎనభై ఏళ్ల మనిషికి ఇంకో లెక్క. ఎనభైలో ఉన్నవాళ్లకు పదేళ్ల తర్వాతి సంగతి కంటే పది రోజుల్లో లేచి తిరగడం ముఖ్యం. లిమా, రెండు సిరలు చాలు.

ఇక ఆపరేషన్ తర్వాత. రొమ్మెముకను స్టీలు తీగలతో బిగిస్తారు. అవి జన్మంతా ఉండిపోతాయి. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలలు. దగ్గితే ఛాతీ చీలిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. దిండును ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గడం, మూడు బంతుల స్పైరోమీటర్ పీల్చడం దానికి విరుగుడు. చేతులు ఎత్తకూడదు, కదపకూడదు అని పూర్వం పెద్ద జాబితా ఇచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల తేలిక సూత్రం చెబుతున్నారు: ఏ పని చేసినా మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఉంచాలి. నీళ్ల బిందె, గ్యాస్ బండ, మనవణ్ని ఎత్తుకోవడం మాత్రం మూడు నెలలు ఆగాల్సిందే. నేల మీద కూర్చుని చేతులు ఊని లేవడం, నేలబారు మరుగుదొడ్డి వాడటం ఆ ఎముకకు మంచివి కావు. కమోడు లేని ఇళ్లలో డిశ్చార్జికి ముందే కమోడు కుర్చీ కొని పెట్టాలి. ఆడవాళ్లకు రొమ్ముల బరువు కుట్లను పక్కకు లాగుతుంది, రాత్రిళ్లు కూడా ముందువైపు హుక్కులున్న మెత్తటి బాడీ వేసుకుంటే నొప్పి చాలా తగ్గుతుంది. వార్డుల్లో ఎవరూ నోరు విప్పి చెప్పని సలహా ఇది.

లిమా తీసిన వైపు ఛాతీ మీద మొద్దుబారినట్టు, మంటగా, చొక్కా తగిలితే చిరాకుగా ఉంటుంది. పక్కటెముకల మధ్య నరాలు నలగడం వల్ల వచ్చేది. మళ్లీ గుండెనొప్పేనని భయపడి అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లుంటారు. గుండెనొప్పి నడిస్తే పెరుగుతుంది, ఆగితే తగ్గుతుంది. ఇది వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది. అనుమానంగా ఉంటే వెళ్లడమే మంచిదనుకోండి. కాలి సిర పక్కనే ఓ నరం సాగుతుంది. అది కదిలితే చీలమండ లోపలి పక్క నెలల తరబడి తిమ్మిరిగా ఉంటుంది. కాలు సాయంత్రానికి వాస్తుంది. కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకోవాలి, డాక్టరు చెబితే బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. మే నెల ఎండల్లో ఆ మేజోళ్లు తొడుక్కోవడం ఎంత శిక్షో తొడుక్కున్నవాళ్లకే తెలుసు. ముంజేతి ధమని తీసినవాళ్లకు బొటనవేలి వెనక తిమ్మిరి ఉంటుంది. బిగుసుకోకుండా వాళ్లకు కొన్ని నెలల పాటు డిల్టియాజెమ్ లాంటి మాత్ర ఇస్తారు. బాగానే ఉన్నాం కదా అని సొంతంగా ఆపేయకూడదు.

నొప్పి ఓర్చుకోవడం గొప్ప అనుకునే పెద్దవాళ్లు లోతుగా ఊపిరి తీయరు, నడవరు, దాంతో కోలుకోవడమే ఆలస్యమవుతుంది. మొదటి వారాల్లో డాక్టరు చెప్పిన పారాసెటమాల్ నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు వేసుకోవాలి. వీధి చివర దొరికే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఐబుప్రొఫెన్ బిళ్లలు వద్దు. ఆ తరగతి మందులు బైపాస్ సమయంలో వాడకూడదని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక పెట్టించింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. రెండో రోజు, మూడో రోజు గుండె దడదడలాడి లయ తప్పడం నూటికి ఇరవై, ముప్పై మందిలో కనిపిస్తుంది. చాలావరకు మందులతో సర్దుకుంటుంది. మూడో వారంలో కారణం లేకుండా ఏడుపు రావడం, చిన్నమాటకే కోపం రావడం, నిద్ర పట్టకపోవడం కూడా ఆపరేషన్ తర్వాత తరచూ కనిపించేవే. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం కింద జమకట్టకుండా, రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

చివరగా డిశ్చార్జి కాగితం. అందులో లిమా ఎల్ఏడీకి, సిర ఏయే ధమనికి వేశారో ఒక వరుసలో రాసి ఉంటుంది. దాన్ని లామినేట్ చేయించి, ఫొటో తీసి పిల్లల ఫోన్లలో పెట్టాలి. ఏడెనిమిదేళ్లకు వేరే ఊళ్లో మళ్లీ యాంజియోగ్రామ్ అవసరమైతే, ఆ వరుస చేతిలో ఉన్న డాక్టరు నేరుగా గ్రాఫ్టుల దగ్గరికి వెళతాడు. లేకపోతే అవి మహాధమని మీద ఎక్కడున్నాయో ఒక్కొక్కటిగా వెతుక్కోవాలి, దానికి రంగుమందు ఎక్కువ పడుతుంది. షుగరుతో కిడ్నీలు అప్పటికే నీరసించిన మనిషికి ఆ రంగుమందులో ప్రతి మిల్లీలీటరూ బరువే.